సూదమ్మ గురువారాలు

జూలై 7, సోమవారం

పందొమ్మిది మంది వేళ్ళు గుచ్చాను. పందొమ్మిది స్లైడ్లూ పరీక్షపెట్టెలో పెట్టాను. "ఏమీ లేదు" అని అది పందొమ్మిది సార్లు చెప్పింది. పదకొండేళ్ళుగా ప్రతి సోమవారం ఈ పుస్తకంలో రాస్తున్న మాట ఇదే. ఉప్పుగాలికి యంత్రాలు పాడవుతాయి కాబట్టి చేత్తో కూడా రాసి ఉంచాలని రూలు. రాసినదాన్ని ఎవరైనా చదవాలని మాత్రం రూలు లేదు. అందుకే రక్తం సంగతులతో పాటు నా సణుగుడు కూడా ఇందులోకే ఎక్కిస్తుంటాను.

పిల్లలు పుట్టించలేని మగదోమల్ని గాల్లోకి వదిలి, ఇంటిదోమల జాతినే లేకుండా చేసి నలభై ఏళ్ళయింది. అవతలి ఒడ్డున పుట్టిన పిల్లలకి దోమ కుట్టడమంటే ఏమిటో తెలియదు. మలేరియాని చూడాలంటే మ్యూజియానికి టికెట్టు కొనుక్కోవాలి. అలాంటి రోజుల్లో ఈ చిట్టచివరి దీవిలో నాకు మలేరియా పరీక్షల ఉద్యోగం ఎందుకుందంటే, తీసెయ్యాలని ఎవరికీ గుర్తు రాలేదు గనుక.

పనివాళ్ళ క్యాంపు గుట్ట కింద, సముద్రం పక్కన ఉంటుంది. గాలిమరలు నిలబెట్టడానికి నిరుటి నుంచి అడవి అంచు నరుకుతున్నారు. నా గది గుట్ట మీద, సరిగ్గా అడవి మొదలయ్యే చోట. నడిస్తే నలభై నిమిషాలు. రోగాలు చూసే గది జనానికి దూరంగా ఉండాలట. రోగం సంగతేమో గానీ, జనానికి నేను బాగా దూరంగా ఉన్నాను. క్యాంపులో నన్ను సూదమ్మ అంటారు. అసలు పేరు దమయంతి అని వాళ్ళలో ఎంతమందికి తెలుసో అడగాలంటే భయం.

జూలై 10, గురువారం

నాకు వారంలో ఉన్నది ఒకటే రోజు, గురువారం. ఉపగ్రహం ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి మా దీవి మీదుగా పోతుంది. ఇళ్ళ నుంచి వచ్చిన మాటలు గుట్ట మీదున్న నా మాటలపెట్టెలో పడతాయి. మనిషికి ఒక్క నిమిషం. వీళ్ళ జవాబులు పై గురువారం వెళ్తాయి. పని దిగగానే అందరూ గుట్టెక్కి వచ్చి నా వరండాలో కూర్చుంటారు. నేను గదిలో, దోమజాలీ కొట్టిన కిటికీ వెనకాల పెట్టె ముందేసుకుని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తాను.

ముందు టీ. తర్వాత ఒకరి మాట. మళ్ళీ కాసేపు కబుర్లు, ఇంకొకరి మాట. పందొమ్మిది నిమిషాల పనిని రెండు గంటలు లాగుతానని మేస్త్రి పైడితల్లి విసుక్కుంటుంది. "మా సూదమ్మ సీరియలేత్తంది, కూకోండి" అంటుంది. లాగుతాను, నిజమే. వారంలో మిగిలిన సాయంత్రాలు ఈమె కూడా వచ్చి నాతో గడిపితే అప్పుడు తెలుస్తుంది.

వాళ్ళు ఉండగానే పొద్దు వాలుతుంది, కోతులు దిగుతాయి. నాలుగేళ్ళ కిందట ఒక్కటే వచ్చేది. ముసలిది, ఎడమ చెవి సగం లేదు. ముక్కచెవి అని పేరు పెట్టి సాయంత్రం పూట కొబ్బరి ముక్కలు వేశాను. పొద్దుపోయే వేళకి నా కోసం ఎదురు చూసే ప్రాణి ఒకటుందంటే ఎంత బాగుంటుందో రాసి చెప్పలేను. అడవి నరకడం మొదలయ్యాక అది తన మందనంతా వెంటేసుకొచ్చింది. ఇప్పుడు ముప్పై దాకా ఉన్నాయి. వరండా మీదికి వాలిన చెట్టు నిండా అవే. కింద మావాళ్ళు, పైన కోతులు, లోపల నేను. పెళ్ళిల్లులా ఉంటుంది.

అందరికన్నా చివర వంటమనిషి తౌడు పేరు పిలుస్తాను. అరవై ఏళ్ళవాడు, ఆరేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. కూతురు బంగారమ్మ తప్ప ఎవరూ లేరు. ఆ పిల్ల ఎక్కడో తేలే రేవులో క్రేను నడుపుతుంది, వారానికొక వంట అడుగుతుంది. ఈ వారం, పప్పులో చింతపండు ముందు వెయ్యాలా వెనక వెయ్యాలా అని అడిగింది.

"దానికి తెల్దేటి?" అని తౌడు నవ్వాడు. "నాకంటే బాగా వొండుతాది. నాసేత మాటాడించడానికి అలగ అడుగుతాది గుంట. మరొక్కపాలి ఇనిపించు సూదమ్మా."

మూడుసార్లు వినిపించాను. చీకటి పడబోతుంటే దిగి వెళ్ళాడు. పెట్టె తెర మీద పేర్ల పట్టీలో చివరి పేరు నాది. దాని పక్కన ఎప్పుడూ సున్నాయే.

జూలై 14, సోమవారం

చెట్లు కొట్టే ఎర్రయ్యకి జ్వరం. అతని జతగాడికీ జ్వరమే. స్లైడ్లు పెడితే పరీక్షపెట్టె కాసేపు గురగురమని, ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనని మాట అంది. "మలేరియాలో 'మలేరియే' అనే రకం. మూడు రోజులకొకసారి జ్వరం. ప్రమాదం తక్కువ." అని చెప్పి, ఇద్దరికీ సరిపడా మాత్రలు విడిచింది.

సిగ్గు విడిచి రాస్తున్నాను, నాకు సంతోషం వేసింది. పదకొండేళ్ళ తర్వాత నాతో ఎవరికో పని పడింది.

ఈ రోజు పద్దెనిమిది స్లైడ్లే. పొయ్యి మీద ఎసరు మరుగుతోందని తౌడు రాలేదు. వంటపాకలోకి వెళ్ళి గుచ్చాల్సింది. ఎండగా ఉందని వచ్చేశాను.

జూలై 16, బుధవారం

ఎర్రయ్య మిగతా మాత్రల కోసం పైకొచ్చాడు. మూడు రోజులకొకసారేగా జ్వరం, భయం లేదులే అన్నాను.

"మూడ్రోజులకా? ఎవుడు సెప్పినాడు? రోజూ మజ్జాన్నం రెండయ్యేసరికి ఒణుకు ఎత్తుకుంతంది. గడియారం సూసుకోనక్కల్లేదు" అన్నాడు. మాత్రలు పడ్డాక మాత్రం నిన్నటి నుంచి నయమట.

అతను వెళ్ళాక ఇత్తడి మైక్రోస్కోపు తీశాను. నాకు పని నేర్పిన ఇజ్రాయేలు మాస్టారిది. పరీక్షపెట్టెలొచ్చాక అందరూ తమవి తూకానికి అమ్ముకుంటే, ఆయన తనది నా చేతిలో పెట్టాడు. ఎర్రయ్య రక్తంలో పురుగు ఎర్రకణానికి అడ్డంగా, మొలతాడు కట్టినట్టు సాగి ఉంది. అచ్చం ఆ 'మలేరియే' రకమే. పెట్టె చూసిందే నేనూ చూశాను. కానీ ఇది రోజూ జ్వరం తెప్పిస్తోంది. స్లైడు సగమే చెబుతుంది, తక్కిన సగం రోగిని అడుగమ్మా అనేవాడు మాస్టారు.

ఆయన పాత పుస్తకం ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో దొరికింది. మలేరియాలో మనుషులవి నాలుగు రకాలుంటే, ఐదోది కోతులది. చూపుకి మలేరియేలా ఉంటుంది గానీ రోజుకొకసారి పిల్లలు పెడుతుంది. అడవిదోమ కోతిని కుట్టి, తర్వాత మనిషిని కుడితే అంటుకుంటుంది. అడవి అంచున పనిచేసేవాళ్ళకి, చెట్లు నరికే చోట ఉండేవాళ్ళకి ముప్పు ఎక్కువ. ఆలస్యమైతే ప్రాణం తీస్తుంది. మగదోమల పథకం ఇంటిదోమల కోసం పెట్టింది, అడవిదోమ జోలికి వెళ్ళలేదు. మా పెట్టెకి నాలుగు రకాలే నేర్పారు. ఐదోది ఎవరికీ రావడం లేదని జాబితాలోంచి తీసేశారు.

జూలై 17, గురువారం

ఉపగ్రహం పోయే వేళకి ఆఫీసుకు చెప్పాను. ఐదో రకం వచ్చిందేమో చూడండి, దోమతెరలు పంపండి అని. జవాబు రావాలంటే ఇంకో వారం. సముద్రం పోటు మీదుంది, పడవ ఇప్పట్లో రాదు.

సాయంత్రం మామూలుగానే అందరూ వచ్చారు. తౌడు చెవుల మీదుగా తువ్వాలు కట్టుకుని మూలన కూర్చున్నాడు. టీ గ్లాసు అందిస్తే వేళ్ళు తగిలాయి. కాలిపోతున్నాయి.

"ఏమైంది అన్నా?"

"ఏటీ నేదు. పొయ్యి సెగ."

"పొయ్యి కింద క్యాంపులో ఉంది. ఎన్నాళ్ళైంది?"

"మూడ్రోజులు." తల వంచుకున్నాడు. "ముందే సెప్తే జొరం గదిలో ఏసి తాళమేత్తావు. బంగారి మాట ఇనాల గదా."

ఈసారి అతని పేరు ముందు పిలిచాను. చేపల పులుసులో మెంతులు ఎన్ని అని అడిగింది బంగారమ్మ. విని, నవ్వి, అక్కడే వాంతి చేసుకున్నాడు. జ్వరం గదిలో పడుకోబెట్టి రక్తం తీశాను. పెట్టె మళ్ళీ మలేరియే అనే అంది, మాత్రలు ఇచ్చింది. ఆ మాత్రలు అతని కడుపులో నిలవలేదు. మైక్రోస్కోపులో లెక్కపెట్టాను. వెయ్యి ఎర్రకణాలకి నాలుగింట్లో పురుగు ఉంది.

జూలై 18, శుక్రవారం

వెయ్యికి పదకొండు.

మాత్రలు పొడి చేసి, తేనెలో కలిపి పెట్టాను. కక్కేశాడు. నీళ్ళు కూడా నిలవడం లేదు.

జూలై 19, శనివారం

వెయ్యికి ముప్పై రెండు. కళ్ళు పచ్చబడ్డాయి. పొద్దుటి నుంచి ఒంటికి పోలేదు. నన్ను చూసి "బంగారీ" అన్నాడు.

పనిచేసే సూదిమందు నా బీరువాలోనే ఉంది, అద్దంలోంచి కనబడుతూనే ఉంది. కానీ ఆ బీరువా తాళం పరీక్షపెట్టె మాట వింటుంది, నా మాట వినదు. ఫాల్సిపారం అనే ప్రాణాంతకమైన రకం అని పెట్టె చెబితేనే తెరుచుకుంటుంది. మూడుసార్లు స్లైడు పెట్టాను. మూడుసార్లూ "ప్రమాదం తక్కువ" అంది. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అద్దం పగలగొడదామని సుత్తి తెచ్చాను, అది బండరాయికన్నా గట్టిది.

మాస్టారు పిల్లలకి పాఠం చెప్పడానికి దాచుకున్న స్లైడ్ల పెట్టె నా ట్రంకులో ఉంది. అందులో ఒకదాని మీద ఫాల్సిపారం అని ఆయన చేతిరాత. డెబ్బై ఏళ్ళ కిందటి ఎవరిదో రక్తం. దాన్ని తీసి, తౌడు పేరు కొట్టి, పరీక్షపెట్టెలో పెట్టాను. తాళం టక్కుమంది.

పదకొండేళ్ళలో నేను రాసిన మొదటి అబద్ధం ఇది. మందు తీసి తౌడుకి సూది గుచ్చాను.

జూలై 20, ఆదివారం

వెయ్యికి తొమ్మిది. గంజి తాగి నిలుపుకున్నాడు. ఉప్పు చాలలేదని నాకు వంక పెట్టాడు. బతికాడు.

స్థిమితపడ్డాక నాకు బుర్ర పనిచేయడం మొదలైంది. ఎర్రయ్యా, అతని జతగాడూ అడవిలో పనిచేస్తారు, సరే. ఈయనకి ఎలా వచ్చింది?

"అన్నా, ఈ మధ్య అడవిలోకి ఎప్పుడైనా వెళ్ళావా?"

"నానా? నాకేటి పని? పొయ్యి కాడ నుంచి కదిల్తే కూడు మాడిపోద్ది."

"క్యాంపులో దోమలు కుడతాయా?"

"సముద్రం గాలికి అక్కడ దోమ నిలబడతాదేటి? కుడితే ఇక్కడే కుట్టాల, గురువారం పొద్దు ఈ వరండాలో. కాళ్ళు గోక్కోనేక సచ్చిపోతాను." మాటవరసకి అన్నాడు. నన్ను ఏమీ అనలేదు.

నేను పిలిచే వరసలో ఎర్రయ్య పేరు చివరి నుంచి రెండోది. అతని జతగాడిది మూడోది. ముందుగా పేరు పిలిచినవాళ్ళు పొద్దు వాలగానే దిగిపోతారు. చీకటి పడబోయేదాకా నేను కూర్చోబెట్టేది ఈ ముగ్గురినే.

సాయంత్రం ముక్కచెవి కొబ్బరి చిప్ప గీకుతూ వేలు కోసుకుంది. చిప్ప అంచున రక్తపు బొట్టు వదిలి వెళ్ళింది. దాన్ని స్లైడు మీదికి తీసి, రంగు వేసి, ఇత్తడి మైక్రోస్కోపులో చూశాను. కణానికి అడ్డంగా మొలతాడు. ఒకటి కాదు, చాలా. దానికి జ్వరం లేదు, ఏమీ లేదు. హాయిగా కొబ్బరి తిని పోయింది.

కోతుల్ని కొబ్బరి వేసి పిలిచింది నేను. వాటి కింద మనుషుల్ని దోమ కుట్టే వేళదాకా కూర్చోబెట్టింది నేను. అంతసేపూ జాలీ వెనకాల ఉన్నది కూడా నేనే. నా వేలు నేనే గుచ్చుకుని చూశాను. నాకు ఏమీ లేదు. ఉంటే కాస్త బాగుండేది.

జూలై 21, సోమవారం

కిందికి వెళ్ళి, వంటపాకలో అందరినీ కూర్చోబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. తౌడు పైన గదిలోనే ఉన్నాడు గనుక పద్దెనిమిది స్లైడ్లు తీశాను. ఇంకొకరికి ఇప్పుడిప్పుడే మొదలవుతోంది, మాత్రలతో పోతుంది.

ఎర్రయ్య లేచి నిలబడ్డాడు. "అంటే కోతుల కోసరం మమ్మల్ని దోమలకి ఏసినావా?"

కోతుల కోసం కాదని చెప్పాలనుకున్నాను. అసలు కారణం చెబితే ఇంకా హీనంగా ఉంటుందని ఊరుకున్నాను.

పైడితల్లి అతన్ని కూర్చోమంది. ఆమె అరిచే మనిషి, ఈ రోజు అరవలేదు. "సూదమ్మా, ఆ మాటలపెట్టిని ఉపగ్రహం ఎల్లిపోయాక కిందకి మోసుకురావొచ్చా?"

"వచ్చు."

"ఇక్కడ ఇంటే ఇనపడతాదా?"

"వినపడుతుంది."

"ఎప్పట్నుంచి?"

"మొదటి నుంచీ."

పెట్టెని క్యాంపుకి తీసుకెళ్ళి వినిపించాలనే రూల్లో ఉంది. పదకొండేళ్ళ కిందట నేను వచ్చిన మొదటి గురువారం, మోకాలు నొప్పిగా ఉంది, మీరే పైకి రండి అన్నాను. నాకు మోకాలు నొప్పి ఎప్పుడూ లేదు. ఈ మాట కూడా అక్కడే చెప్పేశాను. గుట్ట ఎక్కి వచ్చేశాను.

జూలై 22, మంగళవారం

పొద్దు వాలగానే కోతులు దిగాయి. డబ్బా మీద గరిటెతో వాయించాను. మంద చెదిరిపోయింది. ముక్కచెవి మాత్రం కదలకుండా మెట్టు మీద కూర్చుని, డబ్బాలో ఏముందోనని చూసింది. రాయి విసిరాను. పక్కన పడింది. ఇంకోటి విసిరితే భుజానికి తగిలింది. అది కీచుమని, వెళ్ళకుండా నా వంక చూసింది. మూడో రాయికి వెళ్ళింది.

గదిలోకొచ్చి ఏడ్చాను. రాయడానికి నామోషీ ఏముంది, ఎవరు చదువుతారు గనుక.

జూలై 23, బుధవారం

తౌడు కిందికి వెళ్ళిపోయాడు. అన్నీ విన్నాడు, ఎర్రయ్య వచ్చి చెప్పాడు. దుప్పటి మడత పెట్టి, గ్లాసు కడిగి బోర్లించి, "ఎల్తానమ్మా" అన్నాడు. అంతే. అతనికి కోపం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి స్లైడు లేదు.

జూలై 24, గురువారం

ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఐదో రకం జాబితాలో లేదట. దోమతెర అంటే ఏమిటో వాళ్ళకి అర్థం కాలేదు, కిటికీ తెరలు ఏ రంగువి కావాలని అడిగారు.

నాకిచ్చిన నిమిషంలో నిజం చెప్పాను. శనివారం పెట్టింది దొంగ స్లైడని, నేనే పెట్టానని చెప్పాను. ఉద్యోగంలోంచి తీసేస్తే తీసేయండి, ముందు ఐదో రకాన్ని పరీక్షపెట్టెలకి నేర్పండి, ముక్కచెవి స్లైడు వచ్చే పడవలో పంపుతున్నాను, నా తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుంది అన్నాను. ఇంకా పది సెకన్లు మిగిలాయి. వాటిని ఖాళీగానే పంపాను.

మూడున్నరకి పైడితల్లి వచ్చి, మాటలపెట్టె నెత్తిన పెట్టుకుని, ఎండలోనే దిగిపోయింది. టీ కూడా తాగలేదు. అలవాటు కొద్దీ పందొమ్మిది గ్లాసులు కడిగి వరసగా పెట్టాను. మళ్ళీ అన్నీ లోపల పెట్టాను. పొద్దు వాలేటప్పుడు కింది నుంచి నవ్వులు వినపడ్డాయి. ఎవరి ఇంటి మాట విని నవ్వారో తెలియలేదు. కోతులు రాలేదు. జాలీ వెనకాలే కూర్చున్నాను. ఇంత నిశ్శబ్దంగా ఈ గది ఎప్పుడూ లేదు.

జూలై 25, శుక్రవారం

పదకొండింటికి చూస్తే పెట్టె మెట్టు మీద ఉంది. ఎవరు తెచ్చిపెట్టారో, నన్ను పిలవకుండానే వెళ్ళిపోయారు. వీళ్ళ జవాబులు సరిగ్గా ఎక్కాయో లేదో చూద్దామని తెర వెలిగించాను. పట్టీలో చివర, నా పేరు పక్కన, ఒకటి అని ఉంది.

యంత్రం చెడిందేమో అనుకున్నాను. నొక్కితే పొయ్యిలో కట్టెలు చిటపటమన్నాయి, గిన్నెల చప్పుడు, ఎవరో "ఇప్పుడు మాటాడు" అనడం. తర్వాత తౌడు గొంతు.

"సూదమ్మా, నాను తౌడుని. మరేటంటే... ఏలికి సూది ఎలగ గుచ్చాల? ముందు తుడవాలా, గుచ్చినాక తుడవాలా? నాకు తెల్దు. జవాబు ఈ పెట్టిలో సెప్పకు, అది వొచ్చే గురువారం దాకా ఎక్కడో తిరుగుతాది. నువ్వే వొచ్చి సెప్పు. సందేళ వొద్దు. మజ్జాన్నం, ఎండుండగానే రా. పప్పు దించేత్తన్నాను."

ఇంకా ఇరవై సెకన్లు ఉన్నాయి. వాటిలో అతను ఏమీ మాట్లాడలేదు. పప్పు ఉడుకుతున్న చప్పుడు మాత్రం ఉంది.

ఈ ఆరేళ్ళలో ఆ మనిషి వేలికి మూడు వందల సార్లు సూది గుచ్చాను. ముందు తుడవాలో తర్వాత తుడవాలో అతనికి నాకన్నా బాగా తెలుసు.

ఇప్పుడు పన్నెండు కావస్తోంది. ఎండ మండిపోతోంది. రెండోసారి వినకుండానే పెట్టె కట్టేశాను. చెప్పులు ఎక్కడ పెట్టానో వెతుక్కోవాలి.